ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్‌ల ర్యాంకింగ్: బార్ట్ స్టార్‌ను కిందకి తోసేయకండి

మీ చిక్కు అర్థమైంది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్‌లకు (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాళ్లకు) ర్యాంకులు ఇద్దామని కూర్చుంటే, టచ్‌డౌన్ పాస్‌ల (స్కోరు తెచ్చిపెట్టే విసుర్ల) లెక్కలో బార్ట్ స్టార్ ఎక్కడో అడుగున పడుతున్నాడు. ఆరన్ రాడ్జర్స్ ప్యాకర్స్‌కు ఆడి 475 వేస్తే, స్టార్ కెరీర్ మొత్తంలో వేసినవి 152. కానీ ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టడమే పొరపాటు.

స్టార్ రోజుల్లో మ్యాచ్‌లు తక్కువ. డిఫెండర్లు రిసీవర్‌ను (పాస్ అందుకునేవాణ్ని) దారి పొడుగునా గుద్దుతూ ఆపేవాళ్లు. అయిదు గజాలు దాటాక అలా తోయకూడదన్న నిబంధన 1978లో గానీ రాలేదు. పైగా కోచ్ విన్స్ లొంబార్డీ నమ్ముకున్నది పరుగు ఆటను, అంటే బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తడాన్ని. అందుకే ఒక్కొక్కరినీ వాళ్ల కాలం ఆటగాళ్లతోనే పోల్చి చూడండి. స్టార్‌కి 1961 నుంచి 1967 దాకా ఏడేళ్లలో ఐదు టైటిళ్లు, మొదటి రెండు సూపర్ బౌల్ ఫైనల్స్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు), ప్లేఆఫ్స్ నాకౌట్ మ్యాచ్‌లలో 9 గెలుపులు, ఒక్కటే ఓటమి! 1967 డిసెంబర్ 31న, ఎముకలు కొరికే చలిలో ఆడిన ‘ఐస్ బౌల్’ మ్యాచ్‌లో, ఆఖరి క్షణాల్లో బంతి ఎవరికీ ఇవ్వకుండా తనే గోల్ గీత దాటేశాడు. నా లిస్టులో అతనే ఫస్ట్.

రెండో స్థానం రాడ్జర్స్‌ది: నాలుగు సీజన్ ఎంవీపీలు, సూపర్ బౌల్ మాత్రం ఒక్కటే. మూడో స్థానం బ్రెట్ ఫావ్‌ది. వరుసగా మూడు ఎంవీపీలు తెచ్చుకున్నవాడే, కానీ ప్యాకర్స్‌లో 286 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేజిక్కించుకున్న పాస్‌లు). రాడ్జర్స్‌వి 105. ఫావ్ అభిమానులు నన్ను తిట్టుకున్నా సరే.