ఆన్‌లైన్ సైటుకి సరుకిచ్చే ముందు బిల్లు ఎవరి పేరు మీదో చూసుకోండి

పర్లాకిమిడి నుంచి ఒకావిడ అడిగారు: "మా ఇంట్లో పశువుల కొమ్ములతో బొమ్మలు చేస్తాం. ఒక ఆన్‌లైన్ సైటు వాళ్లు మా బొమ్మలు వాళ్ల పేజీలో పెట్టి అమ్మిపెడతామంటున్నారు. ఆర్డర్ వస్తే మేమే ప్యాక్ చేసి పంపాలట, డబ్బు తర్వాత వేస్తారట. నమ్మొచ్చా?"

అమ్మా, మాదీ ఒడిశాలోనే, బరంపురం. మా తాత, నాన్న మగ్గం నేసినవాళ్లు. నేను చిన్న పట్టుచీరల దుకాణం నడుపుతున్నాను. మీరు చెప్పిన పద్ధతిలోనే నాలుగేళ్లు ఒక సైటుకి సరుకిచ్చాను. నమ్మాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక్కటి అడగండి: కొన్నవాళ్లకి వెళ్లే బిల్లు మీద అమ్మినవాళ్లుగా మీ పేరు ఉంటుందా, సైటు పేరు ఉంటుందా? నేను ఆ ప్రశ్న వెయ్యలేదు. అందుకే 2023 దసరా నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ నెలలో సైటు ద్వారా ఇరవై ఆరు చీరలు పోయాయి. అన్నీ ఫోడా కుంభం అంచు, అంటే గుడి శిఖరాల వరసలాంటి అంచు, ఉన్న బరంపురం పట్టు. చేరిన పదిహేను రోజులకి డబ్బు వేస్తామని అగ్రిమెంట్‌లో ఉంది. దీపావళి వెళ్లింది, కార్తీకం వెళ్లింది, పడలేదు. ఫోన్ చేస్తే "సెటిల్‌మెంట్ ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నారు. సైటులో నా ఖాతా తెరిచి చూస్తే లెక్కంతా సరిగ్గానే కనపడుతుంది, పక్కన "హోల్డ్" అని ఒక్క ముక్క ఉంటుంది. ఎందుకు ఆపారో ఎవరూ చెప్పరు. చివరికి సంక్రాంతి దాటాక పడింది.

నేతగాడికి సంక్రాంతి దాకా ఆగడం కుదరదు. శనివారం వస్తే కూలి ఇవ్వాలి. మాకు నాలుగు మగ్గాలు నేసిపెట్టే మావయ్య ఒకాయన ఉన్నారు. సొంత మావయ్య కాదు, ఆ వీధిలో అందరికీ ఆయన మావయ్యే. ప్రతి శనివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని, "ఏటి బాబూ, ఆ కంప్యూటర్‌లో డబ్బులు పడ్డాయా?" అని అడిగేవారు. ఆ కూలి కట్టడానికి నేను మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టాను. అవతల కొన్నవాళ్లు చీర బుక్ చేసిన రోజే డబ్బు కట్టేశారు. అది రెండున్నర నెలలు సైటు వాళ్ల ఖాతాలో ఉంది. మా కష్టం వాళ్లకి వడ్డీ లేని అప్పు అయింది. డబ్బు పూర్తిగా ఎగ్గొట్టేవాడికంటే ఆలస్యంగా ఇచ్చేవాడే మనలాంటివాళ్లని ఎక్కువ ముంచుతాడు. ఎగ్గొట్టినవాడికి మళ్లీ సరుకివ్వం. ఆలస్యం చేసేవాడికి, పాత బాకీ వస్తుందనే ఆశతో, ఇస్తూనే ఉంటాం.

అదే డిసెంబరులో ఒక రిటర్న్ పార్సిల్ వచ్చింది. పదకొండు వేల ఐదు వందల చీర, మెరూన్ రంగు, పచ్చ అంచు. "రంగు నచ్చలేదు" అని తిప్పి పంపారు. నేను డబ్బా విప్పి పైన చూసి పక్కన పెట్టబోయాను. మావయ్య అక్కడే ఉన్నారు. చీర చేతిలోకి తీసుకుని, కొంగు చివర వేళ్లతో రెండు సార్లు నలిపి, "ఇది మన చీర కాదు బాబూ" అన్నారు. అంచులో కుంభాలు చూస్తే మనవే అనిపించాయి. ఆయన కుచ్చులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించారు. అసలు పట్టు అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడిగా నలిగిపోతుంది. ఈ పోగు ముడుచుకుపోయి, కరిగి, నల్లని పూసలా గట్టిపడింది. ప్లాస్టిక్ కంపు కొట్టింది. అసలు పట్టు అని చెప్పడానికి మేం కట్టి పంపిన సిల్క్ మార్క్ ట్యాగ్ లేదు. మా చీర ఎవరో ఉంచేసుకుని పాలిస్టర్ నకలు పెట్టి పంపారు.

సైటుకి ఫోటోలు పంపాం. పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో కావాలన్నారు. నేను తీయలేదు. వీడియో లేకపోతే క్లెయిమ్ లేదన్నారు. పైగా తిరుగు కొరియర్ ఖర్చు నా లెక్కలోనే కోసేశారు. ఏడు రోజుల నేత, బెంగళూరు నుంచి తెప్పించిన పట్టు, జరీ అన్నీ ఒక్క మాటతో పోయాయి. మావయ్య ఆ కాలిన పోగుని కాగితంలో మడిచి నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మీరు మాత్రం ప్రతి రిటర్న్ డబ్బానీ ఫోన్ ఆన్ చేసి, లేబుల్ నంబరు కనపడేలా వీడియో తీస్తూనే విప్పండి. కొమ్ము బొమ్మలైతే విరిగి వస్తాయి కూడా. కొంగ మెడ, చేప తోక దారిలో ఎక్కడ విరిగిందో ఎవరూ ఒప్పుకోరు. పంపేటప్పుడు కూడా వీడియో తీయండి.

ఇంకో సంగతి చెప్పాలి. చేత్తో చేసినవాటికి ఈ సైట్ల స్టాకు పద్ధతి అస్సలు పనికిరాదు. ఒక ఫోటో పెట్టి "స్టాకు పది" అని రాయమంటారు. మా దగ్గర అలాంటి చీర ఒక్కటే ఉంటుంది. మధ్యాహ్నం దుకాణానికి వచ్చినవాళ్లు అది కొనుక్కుంటారు, సాయంత్రం సైటులో ఆర్డర్ పడుతుంది. క్యాన్సిల్ చేస్తే జరిమానా, రేటింగ్ తగ్గుతుంది. ఒక్క రోజు ఆలస్యమైనా అంతే. డబ్బు వెయ్యడానికి వాళ్లకి రెండున్నర నెలలు పట్టొచ్చు, మనకి పంపడానికి రెండు రోజులు కూడా ఇవ్వరు. ఇది న్యాయమా? సైటులో పెట్టిన చీరని నేను వేరే బీరువాలో తాళం వేసి ఉంచేవాణ్ని, ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఇచ్చేవాణ్ని కాదు.

ఇప్పుడు బిల్లు సంగతి. నాకు రావాల్సింది ఆగినప్పుడు మా ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకి కొన్నవాడు 45 రోజుల్లో డబ్బు ఇచ్చి తీరాలి. లిఖిత ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. అప్పట్లో సమాధాన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా పెట్టుకునే వీలుండేది. విని ఎంత సంతోషించానో! అప్పుడాయన నా కాగితాలు చూశారు. కస్టమర్ బిల్లు మీద అమ్మినవాడిగా నా పేరే ఉంది. అంటే సైటు నా దగ్గర కొనలేదు, మధ్యవర్తి మాత్రమే. కొననివాడి మీద ఆ 45 రోజుల లెక్క ఎలా పెడతాం? అది చాలక నా ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు, వ్యాపారిగా ఉంది. 2021లో వ్యాపారులని కూడా ఉద్యమ్‌లో చేర్చుకున్నారు కానీ అది బ్యాంకు రుణాల వరకే, ఆలస్యపు చెల్లింపుల రక్షణ వాళ్లకి లేదు. మగ్గం మాదే, నేయించేది మేమే, అయినా ఫారంలో ఎవరో కుర్రాడు "ట్రేడింగ్" నొక్కేశాడు. మీరు బొమ్మలు తయారుచేసేవాళ్లు. ఉద్యమ్‌లో తయారీ అనే రాయించుకోండి, పక్కన కూర్చుని చూడండి.

పన్నుల్లోనూ సరిహద్దు ఊళ్లవాళ్లకి ఒక చిక్కుంది. 2023 అక్టోబరు నుంచి చిన్న అమ్మకందార్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా సైట్లలో అమ్ముకోవచ్చు, కానీ సొంత రాష్ట్రంలోనే. మాకు ఆంధ్రాలోని ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. మా అత్తయ్య వాళ్ల ఊరు, మా భాష, మా చీరలు కట్టేవాళ్లు. అయినా సైటులో అక్కడికి పంపితే వేరే రాష్ట్రం, రిజిస్ట్రేషన్ తప్పదు. 1936లో ఒడిశాని వేరు చేస్తూ గీసిన గీత ఇప్పటికీ మా పార్సిల్ మీద పడుతోంది. మీకు పాతపట్నం అంతకంటే దగ్గర కాబట్టి ఇది ముందే ఆలోచించుకోండి. సైటు పట్టుకునే పన్నులూ చూసుకోండి. జీఎస్టీ కింద టీసీఎస్ అప్పట్లో 1 శాతం, 2024 జులై నుంచి 0.5 శాతం. ఆదాయపన్ను టీడీఎస్ 1 శాతం ఉండేది, 2024 అక్టోబరు నుంచి 0.1 శాతం. ఇవి మన పేరు మీద జమయ్యే డబ్బే, అడిగి తీసుకోవాలి. నేను రెండేళ్లు పట్టించుకోలేదు.

ఇప్పుడు నేను సైటులో నా పేరు మీద అమ్మడం లేదు. విశాఖపట్నంలో ఇద్దరికి ఇస్తున్నాను. వాళ్లు పర్చేజ్ ఆర్డర్ రాసిస్తారు, సగం ముందు వేస్తారు, కొన్నవాళ్లుగా వాళ్ల పేరే రాసి బిల్లు తీస్తాను. తర్వాత వాళ్లు సైటులో పెట్టుకుంటారో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటారో వాళ్లిష్టం. ధర నాకు కొంచెం తక్కువే పడుతుంది. శనివారం కూలి మాత్రం ఆగడం లేదు.

మీ సైటు వాళ్లని కూడా ముందు ఇరవై బొమ్మలు కొనుక్కోమనండి, సగం డబ్బు ముందు వెయ్యమనండి. కుదరదంటే, వాళ్ల అగ్రిమెంట్‌లో చెల్లింపుల పేరా, రిటర్న్‌ల పేరా రెండూ ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. సంతకం చేసే ముందే సుమా. నేను చదివి చెబుతాను.