చాక్లెట్ మైనంలా ఉంది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకి స్కూల్లో పంచుదామని హోల్‌సేల్ షాపులో పేరు తెలియని కంపెనీ మిల్క్ చాక్లెట్ల డబ్బా కొన్నాను. నోట్లో కరగవు, అంగిలికి మైనంలా అంటుకుంటున్నాయి. పైన తెల్లటి పొర కూడా ఉంది. వెనక్కి తీసుకోమంటే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అన్నారు. బిల్లు ఇవ్వలేదు, డబ్బులు ఫోన్‌లో కట్టాను. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రుచి బాగాలేదన్న ఒక్క కారణంతో కేసు నిలవదమ్మా. కానీ డబ్బా మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది మరొకటి అయితే మాత్రం నిలుస్తుంది.

కోకో బటర్ అంటే కోకో గింజల నుంచి తీసే కొవ్వు. అది ఖరీదైనది, ఒంటి వేడికే కరిగిపోతుంది. చవక రకాల్లో దాని బదులు పామ్ కెర్నెల్ నూనె, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ (గట్టిపరచిన నూనె) లాంటివి వాడతారు. మీరు చెప్పిన మైనం రుచి చాలావరకు వీటిదే. అలాంటి సరుకు అమ్మడం నేరం కాదు, దాన్ని చాక్లెట్ అని చెప్పి అమ్మడమే తప్పు. ఆహార ప్రమాణాల ప్రకారం చాక్లెట్‌లో కోకో బటర్ కాని వెజిటబుల్ ఫ్యాట్ 5 శాతం మించకూడదు. కలిపితే ఆ సంగతి లేబుల్ మీద రాయాలి.

అందుకే ముందు డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ఏది ఎక్కువ వాడితే దాని పేరు ముందు రాయాలన్నది నియమం. ముందువైపు ‘మిల్క్ చాక్లెట్’ అని ఉండి, వెనక పంచదార తర్వాత వెజిటబుల్ ఫ్యాట్, ఆ తర్వాతెక్కడో కోకో ఉంటే అది గట్టి ఆధారం. చాక్లెట్ అనకుండా ‘చాకో’ అనో ‘కాంపౌండ్’ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసినది) అనో ఉంటే నాణ్యత మీద కేసు బలహీనపడుతుంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, తయారీదారు చిరునామా లేకపోతే అదే ఒక ఉల్లంఘన. చిన్న రేపర్ల మీద అన్ని వివరాలూ ఉండవు కాబట్టి డబ్బా పారేయకండి. తప్పుడు లేబుల్‌కి 3 లక్షల రూపాయల దాకా, నాసిరకం సరుకుకి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

తెల్లటి పొర గురించి టెన్షన్ పడకండి. ఎండకు కరిగి మళ్లీ గట్టిపడితే కొవ్వు అలా పైకి తేలుతుంది. బూజు, పురుగులు, ముక్కిపోయిన వాసన ఉంటే మాత్రం పిల్లలకు పెట్టకుండా వెంటనే ఫుడ్ సేఫ్టీ అధికారికి చెప్పండి.

‘వాపసు తీసుకోం’ అనే బోర్డుకి మన వాళ్లు అనవసరంగా భయపడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో గడువు రాయకపోతే లోపం ఉన్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాల్సిందే. బిల్లు ఇవ్వకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతే. ఫోన్‌లో కట్టిన రికార్డు కొన్నట్టు రుజువుగా పనికొస్తుంది.

ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 కింద కొన్నవారే ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. అయితే పరీక్షకు పంపుతానని కొనేటప్పుడే షాపువారికి చెప్పాలి, కాబట్టి మీ పాత డబ్బాకి ఈ దారి లేదు. విప్పని చాక్లెట్లు కొన్ని చల్లటి చోట దాచండి. అవసరమైతే వినియోగదారుల కమిషనే శాంపిల్ సీల్ చేసి ల్యాబ్‌కి పంపుతుంది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయర్ని పెట్టుకోవాలన్న నియమమూ లేదు. గడువు రెండేళ్లు.