దస్తావేజులోకి బనియన్ ఎలా వచ్చింది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాన్న పేరు మీదున్న ప్లాటు సేల్ డీడ్ ఇంగ్లీషులో ఉంది. కెమెరాతో అనువదించే యాప్‌లో పెడితే ఒకచోట హక్కులన్నీ ‘కొన్నవారి బనియన్’ అని వచ్చింది. ఇంతకంటే మంచి యాప్ ఏదైనా ఉందా?

జవాబు: యాప్ మార్చినా పెద్దగా లాభం ఉండదు. ఈ యాప్‌లు కాగితాన్ని తరచూ లైన్లుగా ముక్కలు చేసి చదువుతాయి. మీ డీడ్‌లో ‘వెస్ట్’ (vest) ఒక లైను చివర, ‘ఇన్ ద పర్చేజర్’ తర్వాతి లైను మొదట్లో పడి ఉంటుంది. ఈ మాటకు బనియన్ అనీ, హక్కు దఖలు పడటం అనీ రెండు అర్థాలు. ఒంటరిగా దొరికిన మాటకు యాప్ బట్టల అర్థమే ఇచ్చింది. అక్కడ ఉండాల్సింది ‘కొన్నవారికి దఖలు పడును’.

కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో నిటారుగా పైనుంచి ఫోటో తీయండి. అనువాదం బటన్ నొక్కకుండా ముందు అక్షరాలను కాపీ చేసుకోండి. వాక్యం మధ్యలో ఉన్న లైన్ బ్రేకులు తీసేసి, ఫుల్‌స్టాప్ నుంచి ఫుల్‌స్టాప్ దాకా ఒకేసారి పేస్ట్ చేయండి. అంకెలు మాత్రం మీ కళ్లతోనే సరిచూడండి. ఏటవాలు గీతను 1గా చదివితే సర్వే నంబరు 214/2 కాస్తా 21412 అవుతుంది. ఒక గుంటకు 121 గజాలు, ఆ లెక్కన విస్తీర్ణం కూడా ఓసారి వేసి చూడండి.

అసలు ఈ కెమెరా యాప్‌ల తీరే నాకు నచ్చదు. తెలిసిన మాటనూ ఊహించిన మాటనూ ఒకే అక్షరాలతో, అదీ అసలు మాటను కప్పేస్తూ చూపిస్తాయి. ‘ఇక్కడ అనుమానంగా ఉంది’ అని చిన్న గుర్తు పెట్టడానికి ఏం అడ్డమో అర్థం కాదు. సంతకం పెట్టాల్సిన కాగితమైతే యాప్‌ను నమ్మకుండా వకీలుతోనో డాక్యుమెంట్ రైటర్‌తోనో చదివించుకోండి.

బనియన్ సంగతి సరే. ఆ ఫోటో ఎక్కడికి పోయింది? చాలా యాప్‌లు బొమ్మను తమ సర్వర్‌కు పంపుతాయి. మీ డీడ్‌లో నాన్నగారి ఫోటో, సంతకం, వేలిముద్రలు ఉన్నాయి, వెనక ఆధార్ జిరాక్స్ కూడా ఉండొచ్చు. కొందరైతే ఇంకో అడుగు ముందుకేసి ‘దీని అర్థం చెప్పండన్నా’ అని డీడ్ మొత్తాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతారు! ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే మైక్రో ఏటీఎం (బ్యాంకు ఏజెంట్ల దగ్గరుండే చిన్న యంత్రం) దగ్గర డబ్బు తీయొచ్చు. ఓటీపీ అడగదు. కాగితం మీది వేలిముద్రను దొంగిలించడం ఊహ కాదు. రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఆన్‌లైన్‌లో దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిన పెద్దపల్లి జిల్లా వ్యక్తి 2018లో దొరికాడు.

కాబట్టి వేలిముద్రలు, ఆధార్ ఉన్న పేజీలను ఏ యాప్‌కూ చూపించకండి, మీకు కావాల్సిన పేరానే క్రాప్ చేయండి. తెలుగు, ఇంగ్లీషు ఆఫ్‌లైన్ ప్యాక్‌లు దించుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో అనువదించుకుంటే ఇంకా మేలు. నాణ్యత కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా వచ్చిన ‘భూమి రికార్డుల’ యాప్‌ను మాత్రం తాకొద్దు.

ఇవాళే ఆధార్ సంస్థ అధికారిక యాప్‌లో నాన్నగారి బయోమెట్రిక్‌ను (వేలిముద్రలు, కనుపాపల గుర్తింపు) లాక్ చేయండి. లాక్ అయ్యాక రేషన్ షాపులో వేలు పెడితే 330 ఎర్రర్ వస్తుంది, డీలర్ ‘వేలు అరిగిపోయింది’ అంటాడు. వేలు బాగానే ఉంటుంది. వరుసలో మీ వంతు వచ్చే ముందు అదే యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేయండి, కాసేపటికి దానంతటదే మళ్లీ లాక్ అవుతుంది. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే బ్యాంకు తెరిచేదాకా ఆగొద్దు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.