టెక్ సందేహాలు: ఇంజిన్ ఆపితే పడే గేరు, ఆన్‌లో ఎందుకు పడదు?

ప్రశ్న: మాది 2006 నాటి పికప్. అల్లూరు వైపు చెరువుల నుంచి రొయ్యలు తోలుతుంటాం. వారం నుంచి ఫస్ట్, రివర్స్ కరకరమంటున్నాయి. క్లచ్ రెండుసార్లు తొక్కితే పడుతున్నాయి. గేర్‌బాక్స్ దించాలంటున్నారు. ఫోన్‌కు కలిపే స్కానర్ కొంటే లోపం తెలుస్తుందా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: స్కానర్ కొనకండి. అది చదివేది బండి కంప్యూటర్ దాచుకున్న కోడ్‌లను. మీ క్లచ్ నడిచేది ఆయిల్ ఒత్తిడితో, అందులో కోడ్ రాసే భాగమేదీ లేదు. గేర్‌బాక్స్ కూడా అప్పుడే దించనివ్వకండి.

ముందు ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. మెత్తగా పడుతుంటే గేర్‌బాక్స్ చాలావరకు బాగున్నట్టే. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఆపినా బిగుసుకుంటేనే గేర్ రాడ్ బుష్‌లు, గేర్ ఆయిల్ సంగతి చూడాలి. రెండో తొక్కుకు పడుతోందంటే క్లచ్ ఆయిల్ లైన్‌లో గాలి చేరి ఉండాలి, లేదా ఆ లైన్‌కు రెండు చివరలా ఉండే చిన్న సిలిండర్లలో రబ్బర్లు అరిగి ఉండాలి.

పెడల్ వెనక రాడ్ దగ్గర వేలు పెట్టి చూడండి. తడి తగిలితే పై సిలిండర్ లీకు. గేర్‌బాక్స్ పక్కనున్న కింది సిలిండర్ రబ్బరు తొడుగు వెనక్కి లాగితే ఆయిల్ కారిందా, అది పోయింది. రెండూ పొడిగా ఉన్నాయా? ఎదురుగా ఎవరూ లేని చదును నేల మీద ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కి, ఫస్ట్ వేసి, కాలు కదపకుండా అర నిమిషం ఆగండి. బండి మెల్లగా ముందుకు పాకితే పై సిలిండర్ లోపలే ఆయిల్ వెనక్కి జారుతోంది.

క్లచ్ లైన్‌లో ఉండేదీ బ్రేక్ ఆయిలే, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీరే సిలిండర్ గోడను తినేస్తుంది. లోపల గోరుతో గీస్తే గుంటలు తగిలితే కొత్త రబ్బర్ల కిట్ వేయించినా డబ్బు దండగే, సిలిండరే మార్చాలి.

తర్వాత గాలి తీయాలి. క్లచ్ ఆయిల్ డబ్బా మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 ఆయిలే, సీలు విప్పనిది తెచ్చుకోండి. కింది సిలిండర్‌కు గాలి తీసేందుకు ఉండే నిపుల్‌కు సన్న ట్యూబు తొడిగి, రెండో కొస ఆయిలున్న సీసాలో ముంచండి. ఒకరు నాలుగుసార్లు తొక్కి అదిమి పట్టాలి, రెండోవారు నిపుల్ అర చుట్టు వదిలి, బుడగలు వచ్చాక బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. పై డబ్బా ఖాళీ అయితే మళ్లీ గాలి చేరుతుంది, మొదటికొస్తుంది. ఇంజిన్ ఆయిల్ మాత్రం చుక్క కూడా పోయకండి, రబ్బర్లు ఉబ్బిపోతాయి.

ఇన్ని చేసినా కరకర తగ్గకపోతే అప్పుడు గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించండి. కూలి ఒక్కసారే పడుతుంది.

ప్రశ్న: వేట నిషేధంలో రెండు నెలలు ఆపిన చేపల బండికి ఇప్పుడు ఏ గేరూ పడటం లేదు. పెడల్ గట్టిగానే ఉంది.
- ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉప్పుగాలిలో కదలకుండా నిలబడితే క్లచ్ ప్లేటు తుప్పుతో ఇంజిన్ వెనక తిరిగే చక్రానికి (ఫ్లైవీల్) అంటుకుపోతుంది. ఇంజిన్ వేడెక్కాక ఆపి, ఖాళీ మైదానంలో సెకండ్ గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టే స్టార్ట్ చేయండి. బండి కదులుతుంది. పెడల్ వదలకుండా యాక్సిలరేటర్ ఇస్తూ తీస్తూ, మధ్యమధ్య బ్రేక్ తగిలిస్తే చాలాసార్లు టక్కున విడిపోతుంది. విడవకపోతే విప్పాల్సిందే. వచ్చే వేసవిలో వారానికోసారి స్టార్ట్ చేసి నాలుగు అడుగులు కదిలించండి.