ముందు ఆటు చూడండి, తర్వాత టికెట్లు కొనండి

ప్రశ్న: ఫిబ్రవరిలో కుటుంబంతో విశాఖ వెళ్తున్నాం. ఆరేళ్ల పాప, పదకొండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు. కిందటిసారి ఆర్.కె. బీచ్‌లో అలలు తప్ప ఏమీ చూడలేదని పిల్లలు నిరాశపడ్డారు. సముద్ర జీవులు కనిపించాలంటే ఎక్కడికి, ఏ వేళకు వెళ్లాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇసుక తీరంలో జీవులు చాలావరకు ఇసుక లోపలే ఉంటాయి. మీ పిల్లలకు కావలసింది రాళ్ల తీరం. తూర్పు కనుమల రాళ్లు సముద్రం దాకా దిగిన చోట్లు విశాఖలో చాలా ఉన్నాయి. తెన్నేటి పార్కు కింద, రుషికొండ పక్కన, భీమిలి దారిలో సహజ శిలాతోరణం ఉన్న మంగమారిపేట దగ్గర ఆటువేళ నీరు వెనక్కి తగ్గితే రాళ్ల గుంటల్లో కొంత నీరు నిలిచిపోతుంది. చూడాల్సినవన్నీ ఆ గుంటల్లోనే ఉంటాయి.

చోటు కంటే వేళ ముఖ్యం. పున్నమి, అమావాస్యల చుట్టూ ఇక్కడ నీరు సుమారు ఒకటిన్నర మీటరు ఎక్కి దిగుతుంది. అష్టమి దగ్గర అందులో సగం కూడా ఉండదు కాబట్టి కింది రాళ్లు బయటపడవు. అందువల్ల పున్నమి లేదా అమావాస్య రోజు, ఆ తర్వాతి రెండు మూడు రోజులు ఎంచుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల వేళలు, అలల హెచ్చరికలు ఇస్తుంది. విశాఖ పట్టికలో ఆటు మట్టం 0.3 మీటర్లు, లేదా ఇంకా తక్కువ ఉన్న రోజు మీకు పనికొస్తుంది. ఫిబ్రవరి, మార్చిలలో బంగాళాఖాతం మట్టమే కొంత తక్కువగా ఉంటుంది. అక్టోబరు, నవంబరులలో అది పెరుగుతుంది, తుపాన్లూ అప్పుడే. మీరు ఎంచుకున్న నెల అన్ని విధాలా మంచిది.

చాలామంది పొరపడేది ఇక్కడే. పున్నమి నాడు పొద్దున్నే టిఫిన్ ముగించుకుని తొమ్మిదింటికి రాళ్ల దగ్గరికి చేరతారు. అప్పటికి పోటు నిండుగా ఉంటుంది, ఒక్క గుంట కూడా కనిపించదు. ఆ రోజుల్లో ఆటు మధ్యాహ్నం రెండున్నర, మూడు ప్రాంతంలో పడుతుంది, తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. శనివారం 3.10కి ఆటు అయితే ఆదివారం నాలుగింటికి. ఆటుకు గంటంబావు ముందే దిగి, నీటి వెంటే కిందికి వెళ్లండి. ఆటు వేళ దాటిన అరగంటకు పిల్లలు ఎంత మారాం చేసినా పైకి వచ్చేయాలి. పోటు మొదట్లో నెమ్మదిగా కనిపించినా, మీరు నిలబడ్డ రాయికీ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లం ముందుగా నిండిపోతుంది. తిరుగు దారి పోయేది అలాగే.

రాళ్ల మీదికి వెళ్లే ముందు పది నిమిషాలు ఒడ్డునే నిలబడి అలలను గమనించండి. చిన్న అలలు వరసగా వచ్చాక మధ్యలో రెండు మూడు పెద్దవి వస్తాయి. అవి తడిపిన రాళ్ల జోలికి వెళ్లొద్దు. సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. ఇద్దరు పిల్లలకూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒకరు ఫోటోలు తీస్తుంటే లెక్క తప్పినట్టే. హవాయి చెప్పులు పాచి మీద జారతాయి, ఉత్త కాళ్లను బార్నకిల్స్ (రాళ్లకు అతుక్కుని ఉండే పదునైన గుల్లల జీవులు) కోస్తాయి. రబ్బరు అడుగున్న పాత కాన్వాస్ బూట్లు సరిగ్గా సరిపోతాయి. తలకు టోపీ, తాగడానికి మనిషికి లీటరు నీళ్లు.

చూడటానికీ ఒక పద్ధతుంది. గుంట పక్కన, మీ నీడ నీటిలో పడకుండా గొంతుకూర్చుని రెండు మూడు నిమిషాలు కదలకండి. నీడ పడితే చిన్న చేపలూ పీతలూ పగుళ్లలోకి దూరతాయి. కదలిక ఆగితే ముందుగా ఒక నత్తగుల్ల నడవడం మొదలెడుతుంది. అది నత్త కాదు, ఖాళీ గుల్లను ఇల్లుగా చేసుకున్న హెర్మిట్ పీత. పై రాళ్ల మీద చిన్న నత్తలు, మూతలు బిగించుకున్న బార్నకిల్స్ ఉంటాయి. మధ్య వరసలో రాతిని అంటిపెట్టుకున్న, వీపున పలకలుండే చిటన్లు, గొడుగు లాంటి గుల్లున్న లింపెట్లు, ఆలిచిప్పలు. అన్నిటికంటే కింద, ఎప్పుడో తప్ప ఆరని చోట పువ్వుల్లా విచ్చుకునే సీ అనిమోన్లు, బంతిలా గుండ్రంగా నల్ల ముళ్లతో ఉండే సీ అర్చిన్లు, అదృష్టం బాగుంటే గుల్ల లేని నత్తల్లాంటి రంగురంగుల సముద్రపు స్లగ్‌లు. పిల్లలు పైనుంచి కిందికి ఈ మార్పును వాళ్లే గుర్తుపట్టేలా చూపించండి. ఎండిపోవడాన్ని ఎంతసేపు తట్టుకోగలదన్న దాన్ని బట్టే ప్రతి జీవీ తన మెట్టు ఎంచుకుంది.

గుంటలోంచి దేన్నీ ఎత్తొద్దు. చిటన్‌నో లింపెట్‌నో రాతి నుంచి ఊడదీస్తే అది తరచూ బతకదు. చిన్న రాయి తిప్పి చూస్తే, చూశాక అలాగే మళ్లీ బోర్లించాలి, లేకపోతే కింద నీడలో బతికేవి ఎండకు చచ్చిపోతాయి. శంఖువు ఆకారంలో అందంగా ఉండే కోన్ నత్తలను అసలు ముట్టుకోవద్దు, వాటికి విషపు ముల్లు ఉంటుంది.

అత్తయ్యగారిని రాళ్ల మీదికి తేవద్దు. తెన్నేటి పార్కులో కూర్చుని చూడొచ్చు, లేదా కారులో భీమిలి తీసుకెళ్లి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట చూపించండి. చలికాలం వలస వచ్చే గల్ పక్షులు, టెర్న్‌లు అక్కడ దిగుతాయి. ఎనిమిది రెట్లు చూపే మామూలు బైనాక్యులర్ చాలు.

ప్రశ్న: జనవరిలో తీరం మీద చచ్చిన పెద్ద తాబేళ్లు చూసి మా అబ్బాయి బాగా బాధపడ్డాడు. అవి ఎందుకు చస్తాయి? పిల్ల తాబేళ్లను సముద్రంలోకి వదలడం చూడొచ్చా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: అవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. గుడ్లు పెట్టడానికి తీరం దగ్గరికి చేరే కాలమూ, చేపల వేట జోరుగా సాగే కాలమూ ఒకటే. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. తాబేలు బయటికి పోయే చట్రం వలలో అమర్చితే ఈ చావులు తగ్గుతాయి. మీ అబ్బాయికి ఇది దాచకుండా చెప్పండి, తెలుసుకోగల వయసే.

తల్లి తాబేలు రాత్రివేళ ఒడ్డుకొచ్చి సుమారు అర మీటరు లోతు గుంతలో వంద దాకా గుడ్లు పెడుతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలవుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. అటవీశాఖ విశాఖ తీరంలో గుడ్లను సేకరించి హేచరీల్లో పొదిగిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో పిల్లలను వదిలే రోజులు ముందుగా జిల్లా అటవీ కార్యాలయంలో కనుక్కోండి. వెళ్తే మూడు నియమాలు: ఫ్లాష్ వద్దు, చేత్తో ఎత్తి నీళ్లలో వేయొద్దు, వాటి దారిలో నిలబడొద్దు. పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి, అందుకే టార్చి, కారు దీపాలు వాటిని రోడ్డు వైపు మళ్లిస్తాయి. తల్లి తాబేలు కనిపిస్తే వెనక వైపు దూరంగా, చీకట్లో కూర్చోండి. గుడ్లు పెట్టకముందే అలజడి కలిగితే అది తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది.

ప్రశ్న: డాల్ఫిన్లు చూపిస్తామని పడవవాళ్లు అంటారు. నిజంగా కనిపిస్తాయా?
— ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: ఈ సముద్రంలో డాల్ఫిన్లు ఉన్నాయి, కానీ ఫలానా రోజు కనిపిస్తాయని ఎవరూ మాట ఇవ్వలేరు. గాలి లేవకముందు, ఉదయమే అవకాశం ఎక్కువ. టెర్న్ పక్షులు గుంపుగా నీళ్లలోకి దూకుతున్న చోట చూడండి, కింద చేపల గుంపు ఉన్నట్టు. లైఫ్ జాకెట్ ప్రతి ఒక్కరికీ, పిల్లలకు వాళ్ల సైజుది లేకపోతే పడవ ఎక్కొద్దు. డాల్ఫిన్ల వెంట పడవ తరమొద్దని ముందే చెప్పండి. ఇంజను నెమ్మదించి పక్కన ఆగితే అవే దగ్గరికి రావచ్చు.

ప్రశ్న: ఒడ్డున నీలం బెలూన్‌లా ఉన్నదాన్ని పాప ముట్టుకుంది. చేయి వాచిపోయింది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ వర్ణన బట్టి అది బ్లూబాటిల్ అనే, జెల్లీఫిష్ లాంటి జీవి. ఒడ్డున చచ్చి పడినా దాని దారాలు కుడతాయి. అంటుకున్న దారాలను పట్టకారుతో తీసి, సముద్రపు నీటితోనే కడగండి. రుద్దడం, ఇసుక రాయడం, మంచినీళ్లు పోయడం వల్ల ఇంకా పేలని విషపు కణాలు పేలి నొప్పి పెరుగుతుంది. తర్వాత ఆ చోటును వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. వేడి 45 డిగ్రీలు దాటకూడదు, ముందు పెద్దవాళ్లు చేయి పెట్టి చూడాలి. ఊపిరి ఇబ్బంది, వాంతులు, పెదవుల వాపు ఉంటే ఇవేవీ చూడకుండా ఆస్పత్రికి, లేదా 108కి.

ప్రశ్న: గవ్వలు, పగడాలు ఇంటికి తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, కొన్ని జాతుల పెద్ద శంఖాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. ఎండినవైనా, కొట్లో కొన్నవైనా దగ్గర ఉంటే నేరమే. మామూలు ఖాళీ గుల్లలనూ ఒడ్డునే ఉంచమని మా సలహా. పెరిగే హెర్మిట్ పీతకు ప్రతిసారీ కొత్త ఇల్లు కావాలి, అది వెతుక్కునేది ఆ గుల్లల్లోనే.