కంప్యూటర్ల బాధ్యత తీసుకున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసు కంప్యూటర్లన్నీ ఇకమీదట నువ్వే చూసుకోవాలన్నారని, ఏ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు. కొనడం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఎవరెవరికి లాగిన్లున్నాయో జాబితా తీయించి, జీతాల పట్టీ పక్కన పెట్టి పేరుపేరునా సరిచూడు. ఉద్యోగం మానేసినవాళ్లవి, ఎప్పుడో రిపేరుకు వచ్చినవాళ్ల కోసం తెరిచినవి, ఎవరిదో తెలియని ‘టెస్ట్’ ఖాతాలు బయటపడితే ఆ రోజే మూసేయించు. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి దొంగలు దూరింది వాడకంలో లేని పాత వీపీఎన్ ఖాతా (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) ద్వారానే. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. ఇంధన సరఫరా రోజుల తరబడి ఆగిపోయింది, ఆ దొంగలకు సుమారు 44 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మిగిలిన ఖాతాలకు రెండంచెల వెరిఫికేషన్ పెట్టు. ఈమెయిల్‌తో మొదలుపెట్టు, ఎందుకంటే తక్కిన పాస్‌వర్డ్‌లు మార్చుకునే లింకులన్నీ అక్కడికే వస్తాయి.

అప్‌డేట్లు వాయిదా వేయనివ్వకు. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే ప్రోగ్రామ్) వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్ ఇచ్చింది.

బ్యాకప్ దగ్గర మాత్రం మొండిగా ఉండు. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండే డ్రైవ్‌ను రాన్సమ్‌వేర్ అసలు ఫైళ్లతో పాటే లాక్ చేసేస్తుంది. ఒక కాపీ కనెక్షన్ తీసేసి, వేరే చోట ఉండాలి. ‘బ్యాకప్ సక్సెస్’ అని స్క్రీన్ మీద కనిపిస్తే సరిపోదు. పోయిన నెల ఫైలొకటి ఇంకో కంప్యూటర్‌లో రిస్టోర్ చేయించి, తెరిచి, చివరి వరుస దాకా నీ కళ్లతో చూడు.

అకౌంట్స్‌వాళ్లతో విడిగా కూర్చో. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈ బిల్లు డబ్బు కొత్తదానికి పంపండి’ అని మెయిల్ వస్తుంది. అడ్రస్‌లో ఒక్క అక్షరమే తేడా ఉండొచ్చు. అవతలివాళ్ల మెయిల్ హ్యాక్ అయితే ఆ తేడా కూడా ఉండదు. మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగందే పైసా కదలకూడదు, పంపమన్నది ఎండీ అయినా సరే.

ఎవరైనా ‘లింకు నొక్కేశాను’ అని నీ దగ్గరికొస్తే పొరపాటున కూడా తిట్టకు. ఇవాళ తిడితే రేపు ఇంకొకరు దాచేస్తారు, దొంగకు ఆ టైమే కావాలి. ముందు ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి తప్పించి, పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచి మార్పించు. టెన్షన్‌లో వెంటనే ఫార్మాట్ కొట్టించకు. ఎలా వచ్చారో చెప్పే ఆధారాలన్నీ అందులోనే ఉంటాయి, ఫిర్యాదు చేసేటప్పుడు పోలీసులు అడిగేది వాటినే.

మీ మామయ్య