‘నమ్ముతారా?’ అని అడగవచ్చునా

సందేహం: మా కళాశాల వక్తృత్వ పోటీకి ‘వాతావరణ మార్పును మీరు నమ్ముతారా?’ అనే విషయం ఇచ్చారు. నమ్మడం దేవుడికి, మనిషికి చెల్లుతుంది గానీ ఎండకూ వానకూ చెల్లదని మా తాతగారు అన్నారు. ఈ ప్రయోగం సరైనదేనా? – ఒక విద్యార్థిని, చిత్తూరు

సమాధానం: వ్యాకరణ రీత్యా దోషం లేదు. ‘నమ్ము’ సకర్మక క్రియ. ‘మాటను నమ్మాడు’ అన్నట్లే ‘మార్పును నమ్మాడు’ అనవచ్చు. అయినా మీ తాతగారి చెవికి అది ఎబ్బెట్టుగా తోచడానికి గట్టి కారణమే ఉంది. మన ప్రాంతపు మెట్ట రైతు ‘వానను నమ్ముకొని చెనక్కాయ వేసినాము’ అంటాడు. వాన వస్తుందో రాదో అతనికి తెలియదు. తెలియకపోయినా బతుకును దాని మీద పెట్టాడు. రుజువు చేతికి రాకముందే మనసు ఇవ్వడం ఈ క్రియకు ప్రాణం. కొలిచి చూసిన సంగతికి మనం ‘తేలింది’, ‘ఒప్పుకొన్నాడు’ అంటాము. బావిలో నీళ్లు ఎన్ని మట్ల లోతున ఉన్నాయో తాడు వేసి చూసినవాణ్ణి ‘నమ్ముతావా’ అని ఎవరూ అడగరు.

భూమి వేడెక్కడం అలా కొలిచి చూసిన సంగతే. 1850–1900 నాటి సగటుతో పోలిస్తే 2011–2020 మధ్య భూతలం సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ వేడెక్కిందనీ, మనుషుల చేతలే అందుకు కారణమనడంలో సందేహానికి తావు లేదనీ, వాతావరణ మార్పుపై పరిశోధనలను మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2021 నాటి నివేదికలో స్పష్టం చేసింది. ‘నమ్ముతారా’ అన్నప్పుడు ఆ కొలత కాస్తా ఒకరి అభిప్రాయమై కూర్చుంటుంది. అదే ఏడాది నవంబరులో తిరుపతి వీధులను ముంచిన వానలను చూపి ‘ఇప్పుడైనా నమ్ముతారా’ అనడమూ తొందరపాటే, ఎందుకంటే ఒక వారం పడిన వాన వేరు, 30 ఏళ్ల సగటుతో తెలిసే శీతోష్ణస్థితి వేరు. రెంటినీ ‘వాతావరణం’ అనే పిలుస్తున్నందువల్ల తేడా చెరిగిపోతున్నది.

నిజంగా వాదించుకోవలసింది భారం పంచుకొనే చోట ఉన్నది. 1992లో బ్రెజిల్‌లోని రియోలో వాతావరణ మార్పుపై దేశాలు సంతకాలు చేసిన ఒడంబడిక, బాధ్యత ఉమ్మడిదే అయినా అందరి వాటా ఒకటి కాదని ఒప్పుకొన్నది. మరి ఎవరి వాటా ఎంత? ముందే బొగ్గు కాల్చి సంపన్నులైనవారు ఎంత మోయాలి, ఇప్పుడిప్పుడే కరెంటు దీపం చూస్తున్నవారు ఎంత మోయాలి, ఇంకా పుట్టని మనవల కోసం ఈనాటి పేదవాడు ఏమి వదులుకోవాలి అన్న ప్రశ్నలకు ఏ ఉష్ణమాపకమూ జవాబు చెప్పదు. న్యాయాన్ని గురించి, ప్రకృతిని గురించి, ప్రభుత్వాన్ని గురించి మనలో ముందే పాతుకొన్న భావాలే అక్కడ తీర్పరులు. ‘నమ్మను’ అనేవారిలో చాలామందికి కొలతతో పేచీ లేదనీ, దాని వెంట వచ్చే ఆంక్షలతోనే పేచీ అనీ నా అభిప్రాయం. ఆ అభ్యంతరం వినదగినదే, కానీ ఈ క్రియ దాన్ని బయటికి రానివ్వదు.

కనుక మీ విషయాన్ని ‘వాతావరణ మార్పును అరికట్టే భారం ఎవరెంత మోయాలి?’ అని మార్చమని నిర్వాహకులను అడగండి. ‘నమ్ము’ తప్పనిసరి అంటారా, ‘శాస్త్రజ్ఞుల మాటను నమ్ముతారా?’ అనవచ్చు, అప్పుడు నమ్మకం మీ తాతగారు చెప్పినట్లే మనిషి మీదికి మళ్లుతుంది.